డేటా లాగర్: లెక్కలో ఎనిమిది నెలలు, చేతికొచ్చింది ఆరు రోజులు

మట్టిగడ్డ
మట్టిలో మూడు లోతుల్లో ఉష్ణోగ్రత రాసుకునే లాగర్ ఒకటి కట్టాను. ఈఎస్పీ32 (వైఫై ఉన్న కంట్రోలర్ చిప్పు) డెవ్ బోర్డు, మూడు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు, ఎస్‌డీ కార్డు మాడ్యూలు, డీఎస్3231 గడియారం, 2600 మిల్లీఆంప్ అవర్ల 18650 లిథియం సెల్లు ఒకటి. వైఫై వాడట్లేదు. పది నిమిషాలకోసారి లేస్తుంది, మూడు సెకన్లలో పని ముగించుకుని డీప్ స్లీప్‌లోకి పోతుంది.

నా లెక్క ఇది. మెలకువలో 80 మిల్లీఆంప్‌లు, 3 సెకన్లు. 600 సెకన్ల మీద పరిస్తే సగటు 0.4. నిద్రలో డేటాషీటు ప్రకారం 10 మైక్రోఆంప్‌లు. మొత్తం 0.41. 2600ని దాంతో భాగిస్తే 6300 గంటల పైన, అంటే ఎనిమిది నెలలు దాటాలి.

ఆరో రోజుకే ఫైల్ ఆగిపోయింది. విడ్డూరం ఏంటంటే సెల్లు ఊడదీసి మీటరు పెడితే 3.68 వోల్టులు చూపించింది. అంటే అది చావలేదు. నేను మూత తీసినప్పుడు బోర్డు మీద ఎర్ర ఎల్ఈడీ కూడా నీరసంగా వెలుగుతూనే ఉంది. పైగా ఫైల్లో అక్కడక్కడా 85.00 అని పడింది. మట్టి నిజంగా 85 డిగ్రీలుంటే నా చెప్పులు మిగిలేవి కావు. పాడైంది ఏది? సెల్లా, సెన్సరా, నా బుర్రా?

టంకం_పొగ
ఎర్ర ఎల్ఈడీ వెలుగుతోంది అన్నావు చూడు, దొంగల్లో ఒకడు అక్కడే దొరికాడు.

బిట్టు_బైటు
పవర్ బ్యాంకు పెట్టి పడెయ్ గురూ, ఇంత లెక్క దేనికి

రాత్రి_షిఫ్టు
@బిట్టు_బైటు పెట్టి చూశావా ఎప్పుడైనా? లాగర్ నిద్రపోగానే "ఫోన్ ఫుల్ అయినట్టుంది" అనుకుని పవర్ బ్యాంకు కూడా పడుకుంటుంది. కొన్ని పదుల మిల్లీఆంప్‌ల కంటే తక్కువ లాగితే చాలావాటికి ఎవరూ లేనట్టే లెక్క. నా మొదటి లాగర్ అచ్చంగా ఒకే ఒక్క లైను రాసి ఆగింది. హెడర్ కలిపితే రెండు.

పాత_మీటరు
మట్టిగడ్డ గారూ, మీ భాగహారం తప్పు కాదు, అందులో వేసిన అంకె తప్పు. 10 మైక్రోఆంప్‌లన్నది చిప్పు ఒక్కదానికి. మీరు సెల్లుకి తగిలించింది చిప్పుని కాదు, బోర్డుని. బోర్డు మీద చిప్పుతో పాటు ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూడండి. మూడు కాళ్ల రెగ్యులేటరు (వోల్టేజిని 3.3కి దించి నిలకడగా ఇచ్చేది) మీద ఏఎంఎస్1117 అని ఉంటుంది. అది ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఊరికే కూర్చోవడానికే 5 మిల్లీఆంప్‌ల దాకా తింటుంది. ఎల్ఈడీ ఒకటో రెండో. యూఎస్‌బీ చిప్పు తన వాటా తనది. చిప్పు గాఢనిద్రలో ఉన్నా వీళ్లెవరూ పడుకోరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ మల్టీమీటరు పడుతుంది.

రెండు ప్రశ్నలు. సెల్లుని ఏ పిన్నుకి ఇచ్చారు? ఎస్‌డీ మాడ్యూలు మీద కూడా మూడు కాళ్ల ముక్క ఉందా?

మట్టిగడ్డ
సెల్లు ప్లస్ విన్ పిన్నుకి (రెగ్యులేటరులోకి వెళ్లే దారి). ఎస్‌డీ మాడ్యూలు ఆరు పిన్నులది, దానికీ అక్కడి నుంచే ఇచ్చాను, 5 వోల్టులు కావాలని దాని మీద రాసుంది కాబట్టి. ఇప్పుడే లెన్సు పెట్టి చూశా. దాని మీద కూడా ఏఎంఎస్1117 ఉంది 😐

పాత_మీటరు
అయితే రెండు చిల్లుల కుండ. 10, 11 మిల్లీఆంప్‌లు నిద్రలోనే పోతున్నాయి. దానికి మీ 0.4 కలిపితే ఆరు రోజుల్లో, అంటే 144 గంటల్లో, 1600 మిల్లీఆంప్ అవర్లకు అటూ ఇటూ. సెల్లులో ఇంకా మూడో వంతు పైనే మిగలాలి. మీరు చూసిన 3.68 అదే.

సున్నా_వోల్టు
మరి మూడో వంతు మిగిలుంటే ఆగడం ఎందుకు? ఎవరూ అది చెప్పట్లేదు.

మట్టిగడ్డ
నా ప్రశ్న కూడా అదే

కొలబద్ద
డ్రాపౌట్ అండీ. ఏఎంఎస్1117కి లోపలికి వచ్చేది బయటికిచ్చేదాని కంటే ఒక వోల్టు, వోల్టుంపావు ఎక్కువ ఉండాలి. 3.3 రావాలంటే 4.4 దాకా కావాలి. మీ సెల్లు నిండుగా ఉన్నప్పుడే 4.2. మొదటి రోజు నుంచే మీ బోర్డు అర్ధాకలితో నడుస్తోంది. సెల్లు 3.7కి వచ్చేసరికి బోర్డుకి దక్కేది 2.6, 2.7. ఎస్‌డీ కార్డు 2.7 కంటే తక్కువలో పనిచేస్తానని ఎవరికీ మాటివ్వలేదు. చిప్పు పాపం లేస్తూనే ఉంది, కార్డు తలుపు తియ్యట్లేదు. అందుకే ఎల్ఈడీ వెలుగుతోంది, ఫైల్ మాత్రం ఆగింది.

టంకం_పొగ
85 సంగతి తేలిక. డీఎస్18బీ20 పవర్ రాగానే తన రిజిస్టర్లో పెట్టుకునే అంకె అది. 12 బిట్లలో కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. నువ్వు ఆగకుండా చదివేసుంటావు.

మట్టిగడ్డ
లేదన్నా, ఆగుతున్నాను. లైబ్రరీనే ఆగుతుంది, నేను ఇంకో 200 కలిపాను. మొదటి రెండు రోజులూ ఒక్క 85 కూడా లేదు. మూడో రోజు నుంచి మొదలై రోజురోజుకీ ఎక్కువయ్యాయి.

టంకం_పొగ
ఓహో. అయితే నా మాట వెనక్కి.

కొలబద్ద
మూడో రోజు నుంచి అన్నారంటే ఇంకా బాగా కుదిరింది. ఆ సెన్సరుకి కనీసం 3.0 వోల్టులు కావాలి. సెల్లు నాలుగు దగ్గరికి దిగేసరికి మీ లైనులో 3.0 చుట్టూ ఊగిసలాట. కొలుస్తుండగా వోల్టేజి ఒక్కసారి కుంగితే సెన్సరు మళ్లీ పుట్టినట్టు మొదలెడుతుంది, మీరు చదివేది ఆ 85. సెన్సరు పాడవలేదు, ఆకలేస్తోందని మూడు రోజులు మొత్తుకుంది.

సున్నా_వోల్టు
85 వస్తే కోడులో తీసి పారేస్తాను నేను. మైనస్ 127 వస్తే వైరు ఊడిందని అర్థం, అదీ పారేస్తాను.

కొలబద్ద
పారేస్తే ఈ కేసు తేలేదా? నేనైతే వచ్చింది వచ్చినట్టు రాయిస్తాను, వడపోత ఇంటికొచ్చాక. లాగర్ పని రాయడం. తీర్పు చెప్పడం కాదు.

సున్నా_వోల్టు
సరే, ఈసారికి ఒప్పుకున్నా.

మెగా_328
నాకు అర్థం కానిది ఒకటే. వైఫై వాడనప్పుడు ఈఎస్పీ32 ఎందుకు? 3.3 వోల్టుల ప్రో మినీ (ఏటీమెగా328 చిప్పున్న చిన్న ఆర్డువినో బోర్డు) తీసుకో. ఎల్ఈడీ, రెగ్యులేటరు పీకేస్తే వాచ్‌డాగ్ (నిద్ర లేపే టైమరు) నడుస్తూ కూడా అయిదారు మైక్రోఆంప్‌లు. డబుల్ ఏ సెల్లులు మూడు వేసి పాతిపెట్టి మర్చిపోవచ్చు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఇది.

బిట్టు_బైటు
వచ్చాడండీ 328 భక్తుడు

రాత్రి_షిఫ్టు
@మెగా_328 మాట నిజమే గానీ ఆ చిప్పులో ర్యామ్ 2 కిలోబైట్లు. ఎస్‌డీ లైబ్రరీ బఫరే 512 బైట్లు మింగుతుంది. మూడు సెన్సర్లు, గడియారం, ఫైల్ పేర్లు, రెండు స్ట్రింగులు కలిపేసరికి స్టాక్ (ప్రోగ్రాము తాత్కాలికంగా వాడుకునే మెమరీ) వచ్చి వేరియబుల్స్ మీద కూర్చుంటుంది. నాకు నెల రోజుల డేటాలో తేదీలన్నీ 165వ తేదీ అయిపోయాయి. చేతిలో ఉన్న బోర్డునే బాగుచేసుకోనీ.

మెగా_328
స్ట్రింగులు ఫ్లాష్‌లో పెట్టుకోవాలి, అది నేర్చుకోకపోవడం చిప్పు తప్పా. సరే, ఆ గొడవ ఇక్కడొద్దు.

మట్టిగడ్డ
ముందు కొలిచి చూస్తాను. మీటరుని సెల్లుకి సిరీస్‌లో పెట్టి మైక్రోఆంప్ రేంజిలో చూడబోతే బోర్డు అసలు లేవట్లేదు. లేవబోతుంది, రీసెట్, లేవబోతుంది, రీసెట్.

పాత_మీటరు
ఆ రేంజిలో మీటరు లోపల చాలా మీటర్లకు వంద ఓమ్‌ల దరిదాపు రెసిస్టరు ఉంటుంది. 80 మిల్లీఆంప్‌లు దాని గుండా పోవాలంటే అక్కడే 8 వోల్టులు కావాలి, మీ దగ్గర ఉన్నవే నాలుగు. మీరు కొలవబోయి గొంతు నొక్కుతున్నారు.

ముందు మిల్లీఆంప్ రేంజిలో చూడండి, 10 మిల్లీఆంప్‌ల లీకు అందులో దాక్కోలేదు. ఆ తర్వాత చిన్న లీకులకు మీటరు రెండు తీగల మధ్య ఒక స్విచ్ పెట్టండి. స్విచ్ మూసి బోర్డుని లేవనివ్వండి, పని చేసుకుని పడుకున్నాక స్విచ్ తెరిచి చదవండి. మళ్లీ లేచే లోపు మూసెయ్యాలి. పది నిమిషాల టైముంది కాబట్టి కంగారు అక్కర్లేదు.

చెదపురుగు
మీటరు మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి. సెల్లు బదులు పెద్ద కెపాసిటరు. 4700 మైక్రోఫారడ్‌లది నింపి, నిద్రలో ఉన్న బోర్డుని దాని మీద వదిలి వోల్టేజి దిగడం చూడండి. 0.2 వోల్టు దిగడానికి 6.7 సెకన్లు పట్టిందంటే 140 మైక్రోఆంప్‌లు. కెపాసిటరు సొంత లీకు ఎంతో ముందు విడిగా చూసుకోవాలి, లేకపోతే దాని పాపం బోర్డు మీద పడుతుంది.

మట్టిగడ్డ
కొలిచాను. అన్నీ తగిలించి ఉన్నప్పుడు నిద్రలో 11.2 మిల్లీఆంప్‌లు. నేను వేసుకున్న లెక్కకు వెయ్యి రెట్ల పైన!! ఎస్‌డీ మాడ్యూలు ఊడదీస్తే 6.3కి వచ్చింది. తర్వాత ఎల్ఈడీని గోళ్లు కత్తిరించే కట్టర్‌తో కొరికేశాను, 5.2. ఆ కట్టర్ మా ఆవిడది. ఇక్కడ చెప్తున్నాను గానీ ఇంట్లో చెప్పలేదు.

టంకం_పొగ
కట్టర్ లాగ్‌లో ఎంట్రీ పడుతుందిలే, గడియారంతో సహా.

కొలబద్ద
ఇప్పుడు ఆ రెగ్యులేటరు తీసేసి ఎంసీపీ1700 పెట్టండి, 3.3ది. తను తినేది 1.6 మైక్రోఆంప్‌లు, డ్రాపౌట్ 250 మిల్లీఆంప్‌ల దగ్గర కూడా 0.2 వోల్టు లోపే. సెల్లు 3.5కి దిగేదాకా నిఖార్సయిన 3.3 వస్తుంది. దాన్ని బోర్డు 3వీ3 పిన్నుకివ్వండి. ఇవ్వగలిగేది 250 మిల్లీఆంప్‌లే కాబట్టి రేపు వైఫై ఆన్ చేస్తే మాత్రం చాలదు, ఆ కుదుపులకు అంతకంటే ఎక్కువ కావాలి.

రాత్రి_షిఫ్టు
లేదా సెల్లే మార్చెయ్యండి. లైఫ్‌పీఓ4 సెల్లు నామమాత్రం 3.2 వోల్టులు, రెగ్యులేటరే లేకుండా నేరుగా 3వీ3కి ఇవ్వొచ్చు. చార్జర్ మీద నుంచి అప్పుడే దించినది 3.6 దాటి ఉండొచ్చు, కాసేపు ఆగి పెట్టాలి. మామూలు లిథియం సెల్లు చార్జర్ మాత్రం దీనికి పనికిరాదు, అది 4.2 దాకా ఎక్కిస్తుంది.

సున్నా_వోల్టు
సోలార్ ప్యానెల్ ఒకటి పెడితే ఈ పీకుడంతా లేకుండా పోయేది కదా

చెదపురుగు
11 మిల్లీఆంప్‌ల చిల్లుని సూర్యుడితో నింపడమా? రోజుకి 270 మిల్లీఆంప్ అవర్లు, అదీ ముసురు పట్టిన వారం కూడా. ఇంకోటి, ఎండలో మూసిన పెట్టె లోపల వేడి 45 దాటితే లిథియం అయాన్ సెల్లుని చార్జ్ చెయ్యకూడదు, సున్నా కింద కూడా చెయ్యకూడదు. చౌక చార్జర్ మాడ్యూళ్లలో వేడి చూసే పిన్నుని గ్రౌండుకి (మైనస్ లైనుకి) కట్టేసి ఉంచుతారు, దానికి ఆ సోయే ఉండదు. ముందు ఖర్చు తగ్గించాలి, తర్వాతే సంపాదన.

మెగా_328
గడియారం మాడ్యూలు సంగతి ఎవరూ అడగలేదు. @మట్టిగడ్డ దాంట్లో వేసిన బిళ్ల సెల్లు ఏది?

మట్టిగడ్డ
సీఆర్2032

మెగా_328
చార్జింగు సర్క్యూట్ ఉన్న మాడ్యూలు అయితే జాగ్రత్త. ఒక డయోడు, 200 ఓమ్‌ల రెసిస్టరు పెట్టి బిళ్లని చార్జ్ చేస్తుంటుంది, ఎల్ఐఆర్2032 (మళ్లీ చార్జ్ చేసుకునే రకం బిళ్ల) కోసం. సీఆర్2032 చార్జ్ చేసేది కాదు. 5 వోల్టులిస్తే అది ఉబ్బుతుంది. 3.3 మీద నడిపితే డయోడు దాటేసరికి 2.7 కాబట్టి బిళ్లలోకి ఏమీ పోదు, అయినా ఆ రెసిస్టరు పీకెయ్. దాని ఎల్ఈడీ కూడా. కట్టర్ ఎలాగూ చెడింది.

మట్టిగడ్డ
పీకాను రెండూ. అసలు డీఎస్3231 అవసరమా, ఈఎస్పీ32 టైమరుతోనే లేపొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు.

కొలబద్ద
లోపలి ఆర్‌సీ ఆసిలేటరు (ఆ టైమరుని నడిపేది) వేడిని బట్టి శాతాల్లో జారుతుంది. ఒక్క శాతం జారినా రోజుకి 14 నిమిషాలు. డీఎస్3231 మామూలు వాతావరణంలో ప్లస్ మైనస్ 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు), ఏడాదికి నిమిషానికి కాస్త అటూ ఇటూ తేడా. దాని అలారం పిన్నుతోనే లేపండి. ఉష్ణోగ్రత ఎంతో చెప్పి ఎప్పటిదో చెప్పలేని లాగర్ ఎందుకు?

మట్టిగడ్డ
నాలుగు రోజులు పట్టింది. ఎంసీపీ1700 పెట్టాను. నిద్రలో 0.14 మిల్లీఆంప్! ఎస్‌డీకి రెగ్యులేటరు లేని ఉత్త స్లాటు తెచ్చి పీ-ఛానల్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా పవర్ ఇస్తున్నాను. ఇప్పుడు కొత్త గొడవ. మాస్‌ఫెట్ ఆన్ చెయ్యగానే బోర్డు బ్రౌనౌట్ (వోల్టేజి కుంగి) రీసెట్ అవుతోంది. ఆఫ్ చేసినా కార్డు పిన్ను మీద 1.9 వోల్టులు కనబడుతోంది. ఆఫ్ చేసిన దాంట్లో కరెంటు ఎక్కడిది?

టంకం_పొగ
రెండోది ముందు. పవర్ కట్ చేశావు గానీ ఎస్‌పీఐ తీగలు (కార్డుతో మాట్లాడేవి) హైలోనే వదిలేశావు. కార్డు వాటి గుండా లోపలి డయోడ్ల మీదుగా దొడ్డిదారిన తాగుతోంది. ఫైల్ మూసి, ఒక సెకను ఆగి, నాలుగు పిన్నులనీ లో చేసి, అప్పుడు కట్ చెయ్. ఆ సెకను తప్పనిసరి. ఫైల్ మూశామని మనం అనుకున్నాక కూడా కార్డు లోపల సర్దుకుంటూ ఉంటుంది, మధ్యలో కరెంటు తీస్తే ఒక లైను కాదు, ఫ్యాట్ టేబులే (ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక) పోవచ్చు.

పాత_మీటరు
మొదటిది కెపాసిటరు కక్కుర్తి. కార్డు దగ్గర ఎంత పెట్టారు? మాస్‌ఫెట్ ఒక్కసారిగా తెరుచుకుంటే ఆ ఖాళీ కెపాసిటరు లైనంతా పీల్చేస్తుంది. కార్డు దగ్గర 10 మైక్రోఫారడ్‌లు చాలు, బోర్డు వైపు 100 ఉంచండి. గేటుకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, గేటుకీ సోర్స్‌కీ మధ్య 100 నానోఫారడ్‌లు పెట్టండి. తలుపు మెల్లగా తెరుచుకుంటుంది.

మట్టిగడ్డ
కార్డు దగ్గర 470 పెట్టాను, ఎక్కువైతే మంచిదేగా అని. తీసేశా. రెండూ కుదిరాయి 🙏

చెదపురుగు
ఇప్పుడు లెక్క తిరగబడింది గమనించారా? నిద్ర 0.14, మెలకువ 0.4. ఇక నిద్రని గోకి లాభం లేదు, లేచినప్పుడు చేసే పని తగ్గించాలి. ఆ మూడు సెకన్లలో రెండు ఎస్‌డీ కార్డువే. ప్రతిసారీ దాన్ని లేపడం ఎందుకు? రీడింగులు ఆర్‌టీసీ మెమరీలో దాచి ఆరు గంటలకోసారి 36 కలిపి రాయండి.

సున్నా_వోల్టు
ఆర్‌టీసీ మెమరీ డీప్ స్లీప్‌లో ఉంటుంది గానీ సెల్లు వైరు కదిలితే పోతుంది. ఆరు గంటల డేటా గోవిందా. నేనైతే ప్రతిసారీ కార్డు మీదే రాస్తాను, సెల్లు ఒక నెల ముందు మారిస్తే కొంప మునగదు.

మెగా_328
ఇద్దరి మాటా నెగ్గే దారి ఆ గడియారం మాడ్యూలు మీదే ఉంది. పక్కన ఉన్న చిన్న చిప్పు ఏటీ24సీ32, 4096 బైట్ల ఈఈప్రామ్. కరెంటు పోయినా మర్చిపోదు. రీడింగుకి 16 బైట్లు అనుకుంటే 256 పడతాయి, పది నిమిషాల చొప్పున రోజున్నర పైనే. పది లక్షల సార్లు రాసినా తట్టుకుంటుందని డేటాషీటు. ఎవరూ వాడరు దాన్ని, పాపం.

సున్నా_వోల్టు
ఇది బాగుంది. ఎన్నేళ్లుగానో ఆ చిప్పుని చూస్తున్నాను, ఎందుకుందో ఇవాళ తెలిసింది.

వాన_గేజి
ఎలక్ట్రానిక్స్ అంతా అయ్యాక పెట్టె సంగతి చూడండి. కేబుళ్లు పెట్టె కింది వైపు నుంచి పోనివ్వండి, లోపలికి వచ్చేముందు కాస్త కిందికి వేలాడేలా. నీటి బొట్టు తీగ వెంబడి నడుచుకుంటూ వస్తుంది, ఆ వంపు దగ్గర జారిపోతుంది. నేను పై నుంచి తెచ్చి, సీలెంటు పూసి, ధీమాగా ఉన్నా. మూడు నెలల తర్వాత తెరిస్తే అడుగున వేలు లోతు నీళ్లు, అందులో సెల్లు. సీలు ఎంత బాగుందంటే వచ్చిన నీరు బయటికి కూడా పోలేదు.

రాత్రి_షిఫ్టు
"వచ్చిన నీరు బయటికి కూడా పోలేదు" 😂 సిలికా జెల్ పొట్లం కూడా వెయ్యండి.

బిట్టు_బైటు
సెల్లు వోల్టేజి కూడా ఫైల్లో రాయిస్తే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది కదా? రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో సగం చేసి ఏడీసీకి (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) ఇస్తే సరి. (నేనూ పనికొచ్చే మాట ఒకటి చెప్పానని రాసుకోండి)

చెదపురుగు
రాసుకున్నాం. కానీ ఆ రెండు రెసిస్టర్లు 24 గంటలూ 21 మైక్రోఆంప్‌లు తాగుతాయి. ఒక్కోటి ఒక మెగాఓమ్ చేసి, ఏడీసీ పిన్ను దగ్గర 100 నానోఫారడ్‌లు పెడితే రెండు చిల్లర. చదివే అంకెని మీటరుతో ఒకసారి సరిచూసుకోవాలి, ఈఎస్పీ32 ఏడీసీ సూటిగా కొలవదు.

మట్టిగడ్డ
అందరి మాటా విని మార్చాను. ఈఈప్రామ్‌లో దాచి, రోజుకోసారి కార్డు మీదికి. సెల్లు వోల్టేజి కూడా రాస్తోంది. కేబుళ్లు కింది నుంచి. మట్టిలో పెట్టి ఇవాళ్టికి 23 రోజులు. సెల్లు 4.11. లెక్క ప్రకారం ఏడాది దాటాలి, కానీ ఈ టాపిక్ మొదలెట్టిందే నా లెక్క వల్ల కాబట్టి ఏమీ అనను. 85 ఒక్కటి కూడా లేదు.

ఒక్కటే అనుమానం. 19వ రోజు తెల్లవారుజామున 3:10 రీడింగు లేదు. 3:00 ఉంది, 3:20 ఉంది. ఆ ఒక్కటే ఏమైనట్టు?

కొలబద్ద
ఆ టైముకి ముందూ వెనకా సెల్లు వోల్టేజి ఎంతుంది?

మట్టిగడ్డ
రెండూ 4.12

పాత_మీటరు
రీసెట్ అయితే గడియారం అలారం పోదు, వోల్టేజి పడలేదు. సెల్లు ఎవరైనా బయటికి తీసి మళ్లీ పెట్టారా?

మట్టిగడ్డ
తెల్లవారుజామున మూడింటికి ఎవరు తీస్తారండీ

మట్టిగడ్డ
గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టక టార్చి పట్టుకెళ్లి మీటరుతో సెల్లు చూసొచ్చాను.

టంకం_పొగ
నిద్రలో నీ కరెంటు ఎంతో కూడా ఓసారి కొలవాలి.